కొనే ముందు కొలవండి: బండి హెడ్డు నేర్పే క్రమశిక్షణ

మార్కాపురంలో గానీ గిద్దలూరులో గానీ మెకానిక్ షెడ్డు దగ్గర కాసేపు నిలబడితే ఒక మాట చెవిన పడుతుంది: "స్ప్లెండరే గదా, ఏ స్ప్లెండర్ హెడ్డయినా పడుద్ది." ఆ మాటలో సగమే నిజం. చాలాసార్లు హెడ్డు కూర్చుంటుంది, బోల్టులు బిగుస్తాయి, కిక్కు కొడితే బండి స్టార్టవుతుంది కూడా. తర్వాతే అసలు సంగతి బయటపడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిను టకటకమంటుంది, మైలేజీ పడిపోతుంది, పికప్ ఉండదు. మెకానిక్ కార్బురేటర్ మారుస్తాడు, ప్లగ్గు మారుస్తాడు, డబ్బులు ఖర్చవుతూనే ఉంటాయి. తప్పు మాత్రం మొదటి రోజు కొన్న హెడ్డులోనే ఉండిపోతుంది.

ఈ అధ్యాయం నేర్పేది ఒకే ఒక్క అలవాటు. పేరు కలిసిందని వస్తువు కొనకండి, కొలత కలిస్తేనే కొనండి. దీన్ని బండి హెడ్డు మీద సాధన చేద్దాం. ఎందుకంటే పశ్చిమ ప్రకాశంలో బండి సరదా కోసం ఉండేది కాదు. పాలక్యాను, ఎరువు బస్తా, పలకల పనికి వెళ్లే మనిషి, బడికి పోయే పిల్ల, అందరూ దాని మీదే. తప్పు పార్టు తెచ్చుకుంటే దాన్ని మార్చుకురావడానికి ఒంగోలు దాకానో, నల్లమల ఘాటు దాటి నంద్యాల దాకానో పోవాలి. ఒక రోజు కూలి, ఒక రోజు పని పోతుంది.

హెడ్డు చేసే పని

సిలిండరుకు, అంటే మెకానిక్కులు బోరు అనే భాగానికి, పైన కూర్చునేది హెడ్డు. పెట్రోలు, గాలి కలిసి మండేది దాని కింది గుంటలోనే. ఫోర్ స్ట్రోక్ బండిలో లోపలికి పీల్చే ఇన్‌లెట్ వాల్వు, పొగ వదిలే ఎగ్జాస్ట్ వాల్వు, వాటి గైడ్లు, సీట్లు, స్ప్రింగులు, ప్లగ్గు మర అన్నీ హెడ్డులోనే ఉంటాయి. చాలా బండ్లలో క్యామ్, రాకర్లు కూడా అక్కడే. పాత ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండి హెడ్డులో మాత్రం వాల్వులుండవు, అది గిన్నె మీద మూత లాంటిది.

ఈ భాగాల్లో ఏ ఒక్కటి మారినా హెడ్డు మారినట్టే. బయట ఫిన్నులు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నా లోపలి గుంట లోతు, వాల్వు తల వెడల్పు, ప్లగ్గు మర పొడవు వేరు కావచ్చు. కంటికి కనిపించని తేడాలే ఖరీదైనవి.

సంవత్సరం ఎందుకు ముఖ్యం

కంపెనీలు హెడ్డును ఊరికే మార్చవు. ఎక్కువసార్లు చట్టం మారినప్పుడు మారుస్తాయి. అందుకే కొన్ని సంవత్సరాలు గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే.

2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. అంతకుముందు ఆ సీసం ఎగ్జాస్ట్ వాల్వు సీటు మీద పూతలా నిలిచి అరుగుదలను తగ్గించేది. ఆ కాలం నాటి బండ్లకు సీట్లు మెత్తగా ఉంటే ఇప్పటి పెట్రోలుతో త్వరగా అరుగుతాయి. పాత బుల్లెట్‌కు హెడ్డు పని చేయించేవాళ్లు గట్టి సీట్లు వేయించుకోవాలని చెప్పేది అందుకే.

బండి పొగకు హద్దులు పెట్టే భారత్ స్టేజ్ (బీఎస్) నిబంధనల్లో 2005లో బీఎస్-2, 2010లో బీఎస్-3 వచ్చాయి. పొగలో మండకుండా మిగిలిన పెట్రోలును ఎగ్జాస్ట్ పోర్టులోనే కాల్చేందుకు అదనపు గాలి పంపే ఏర్పాటు చాలా బండ్లకు ఈ దశల్లో చేరింది. అలాంటి బండ్ల హెడ్డులో ఎగ్జాస్ట్ వైపు ఒక చిన్న అదనపు దారి ఉంటుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4. ఆ తేదీ నుంచి బీఎస్-3 బండ్లు అమ్మకూడదని సుప్రీంకోర్టు మార్చి 29న ఆదేశించింది. అందుకే ఆ నెలాఖరున బీఎస్-3 బండ్లు భారీ తగ్గింపుతో పోయాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. కార్బురేటర్ పోయి చాలా బండ్లకు ఇంజెక్షన్ వచ్చింది. ఉష్ణోగ్రత సెన్సారు, ఆక్సిజన్ సెన్సారు చేరాయి. కొన్ని మోడళ్లలో సెన్సారు మర హెడ్డులోనే ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి బీఎస్-6 రెండో దశ.

మెట్టు మారిన ప్రతిసారీ ప్రతి కంపెనీ హెడ్డు మార్చి తీరుతుందని అనుకోవద్దు. మారి ఉండవచ్చు కాబట్టి సరిచూసుకోవాలి, అంతే.

మన రోడ్ల మీది నాలుగు ఉదాహరణలు

స్ప్లెండర్: 1985లో వచ్చిన సీడీ 100 నుంచి 1994లో వచ్చిన స్ప్లెండర్ మీదుగా ఇప్పటిదాకా ఈ కుటుంబంలోని 100 సీసీ బండ్ల ఇంజిను 97.2 సీసీయే. బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 50 మి.మీ.; స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 49.5 మి.మీ. ఇంతకాలం మారని కొలతలు చూసి అన్నీ ఒకటే అనుకోవడం సహజం. కానీ స్ప్లెండర్ ప్లస్‌లో ఒకప్పుడు 9.0:1 ఉన్న కంప్రెషన్ నిష్పత్తి తర్వాతి బండ్లలో 9.9:1 అయింది. లెక్క వేసి చూడండి: నిష్పత్తిలోంచి ఒకటి తీసేసి, మిగిలినదానితో సీసీని భాగించాలి. 97.2ను 8తో భాగిస్తే పాతదానిలో పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే జాగా 12.15 సీసీ. 8.9తో భాగిస్తే కొత్తదానిలో 10.92 సీసీ. తేడా సుమారు 1.2 మిల్లీలీటర్లు, టీ చెంచాలో నాలుగో వంతు. ఆ జాగా హెడ్డు గుంట, పిస్టన్ తల, ప్యాకింగ్ మందం మూడూ కలిస్తే వచ్చేది. కాబట్టి ఒక కాలం హెడ్డుకు మరో కాలం పిస్టన్ కలిపితే కంపెనీ అనుకున్న నిష్పత్తి రాదు. ఎక్కువైతే దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కేటప్పుడు ఇంజిను కొట్టుకుంటుంది, వేడెక్కుతుంది. తక్కువైతే ఇద్దరు ఎక్కగానే బండి ఈడ్చుకుంటూ పోతుంది.

పల్సర్ 150: 2001లో వచ్చినప్పుడు ఒకే ప్లగ్గు. 2003లో డీటీఎస్-ఐ వచ్చి హెడ్డుకు రెండు ప్లగ్గులయ్యాయి. ఈ తేడా కంటికే కనిపిస్తుంది. కనిపించని తేడా ఇంకొకటుంది. మొదటి బండి 143.9 సీసీ, తర్వాత 149.01 సీసీ, 2017 నుంచి 149.5 సీసీ. మొదట 57 మి.మీ. ఉన్న బోరు 2017లో 56 అయింది, స్ట్రోక్ 60.7కు పెరిగింది. పేరు మాత్రం పల్సర్ 150యే. ఒక్క మిల్లీమీటరు అంటే చేతికి తెలియదు, ప్యాకింగ్ అంచు మాత్రం బోరు లోపలికి పొడుచుకు వస్తుంది, లేదా బయటికి జరుగుతుంది.

బుల్లెట్: పాత ఇనుప బోరు ఇంజిను, 2008 తర్వాత వచ్చిన యూసీఈ ఇంజిను రెండూ 346 సీసీయే. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోక్ కూడా ఒకటే. అయినా హెడ్డులు పూర్తిగా వేరు. ఆ రెండింటిలో వాల్వులను నడిపేది కింది నుంచి వచ్చే పుష్‌రాడ్లు. 2020లో మీటియర్‌తో మొదలైన జే సిరీస్ 349 సీసీ ఇంజినులో క్యామ్ హెడ్డులోకే ఎక్కింది. క్లాసిక్‌కు 2021లో, బుల్లెట్‌కు 2023లో ఈ ఇంజిను వచ్చింది.

ఎక్సెల్: కూరగాయల బుట్టలు, ఐసు పెట్టెలు మోసే ఎక్సెల్ సూపర్ 69.9 సీసీ టూ స్ట్రోక్. 2015లో వచ్చిన ఎక్సెల్ 100 మాత్రం 99.7 సీసీ ఫోర్ స్ట్రోక్. పాతదానికి వాల్వు (ట్యాపెట్) సెట్టింగ్ అనే పనే లేదు. కొత్తదానికి ట్యాపెట్ సెట్టింగ్ సమయానికి చేయించకపోతే ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. పాత ఎక్సెల్‌కు అలవాటుపడినవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది ఇదే.

మీ బండి పుట్టిన సంవత్సరం

నంబరు ప్లేటు చూసి సంవత్సరం తేల్చవద్దు. ఏపీ 27 ఉంటే ప్రకాశం జిల్లా పాత సిరీస్, ఏపీ 39 ఉంటే 2019 ఆరంభం తర్వాత రిజిస్టరైంది. ప్లేటు చెప్పేది అంతే. 2019లో తయారైన బీఎస్-4 బండికీ, 2021 నాటి బీఎస్-6 బండికీ ఏపీ 39 ఉండొచ్చు.

ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం వేరుగా ఉంటాయి, అవి చూడండి. తర్వాత హ్యాండిల్ మెడ దగ్గర కొట్టిన చాసిస్ నెంబరు తుడిచి చదవండి. అందులో 17 అక్షరాలుంటాయి. మొదటి మూడూ కంపెనీవి: ఎంబీఎల్ అంటే హీరో, ఎండీ2 అంటే బజాజ్, ఎండీ6 అంటే టీవీఎస్. పదో అక్షరం సాధారణంగా సంవత్సరానిది. 9 ఉంటే 2009. ఆ తర్వాత ఎ 2010, బి 2011, సి 2012, డి 2013, ఇ 2014, ఎఫ్ 2015, జి 2016, హెచ్ 2017, జె 2018, కె 2019, ఎల్ 2020, ఎమ్ 2021, ఎన్ 2022, పి 2023, ఆర్ 2024. ఐ, ఓ, క్యూ అక్షరాలు అంకెల్లా కనిపిస్తాయని వాడరు. చాసిస్ నెంబరూ ఆర్‌సీ ఒకే మాట చెబుతున్నాయా అని సరిచూడండి. సెకండ్ హ్యాండ్ బండి అయితే ఇంజిన్ నెంబరు కూడా ఆర్‌సీతో కలవాలి. ఇంజినే మారి ఉంటే సంవత్సరం లెక్కంతా తప్పుతుంది.

పార్టు నెంబరు అసలైన సాక్షి. స్ప్లెండర్‌కూ వాడే హోండా పద్ధతిలో మొదటి ఐదంకెలు ఏ భాగమో చెబుతాయి. 12200 సిలిండర్ హెడ్డు, 12251 హెడ్ ప్యాకింగ్, 14711 ఇన్‌లెట్ వాల్వు, 14721 ఎగ్జాస్ట్ వాల్వు. తర్వాతి మూడు అక్షరాలు ఏ మోడల్ కోసం చేశారో, ఆ తర్వాతివి ఏ మార్పో చెబుతాయి. రెండు స్ప్లెండర్ హెడ్డుల మధ్య అక్షరాలు వేరైతే, ఎందుకు వేరయ్యాయో షాపులో అడిగి తెలుసుకున్నాకే డబ్బులు తీయండి.

బల్ల మీద ఆరు పరీక్షలు

పాత హెడ్డు, కొత్త హెడ్డు పక్కపక్కన బోర్లా పెట్టండి. వెర్నియర్, ఫీలర్ గేజ్, నిటారు స్టీలు స్కేలు, మందుల షాపులో దొరికే 20 మి.లీ. సిరంజి ఉంటే చాలు.

1. మీ బండికి చెందిన కొత్త ప్యాకింగ్ తీసుకుని రెండు హెడ్డుల మీదా పరిచి చూడండి. బోల్టు రంధ్రాలు, ఆయిల్ రంధ్రం, టైమింగ్ చైన్ దారి అన్నీ కలవాలి. ఆయిల్ రంధ్రం సగం మూసుకున్నా క్యామ్ ఎండిపోయి అరిగిపోతుంది.

2. ప్లగ్గు మర చూడండి. స్ప్లెండర్ ప్లగ్గు మర వ్యాసం 10 మి.మీ., ఆర్‌ఎక్స్ 100ది 14. మర పొడవు కొన్నిటికి 12.7 మి.మీ., కొన్నిటికి 19. పొడవు ప్లగ్గు పొట్టి మరలో బిగిస్తే పిస్టన్‌కు తగులుతుంది. పొట్టి ప్లగ్గు పొడవు మరలో పెడితే నిప్పురవ్వ గుంట దాకా రాదు, ఖాళీ మరల్లో మసి పేరుకుంటుంది.

3. వాల్వు తలల వ్యాసం కొలవండి. పిస్టన్ మీద వాల్వుల కోసం చెక్కిన గుంటల్లో అవి ఇముడుతాయో లేదో చూడండి.

4. గుంట ఘనపరిమాణం కొలవండి. వాల్వులు, ప్లగ్గు బిగించి, అంచుకు గ్రీజు రాసి, చిన్న రంధ్రమున్న అక్రిలిక్ ముక్కతో మూయండి. సిరంజితో కిరోసిన్ ఎక్కించండి. పాతదానిలో ఎన్ని మిల్లీలీటర్లు పడితే కొత్తదానిలోనూ అన్నే పట్టాలి.

5. పోర్టులు చూడండి. కార్బురేటర్ మానిఫోల్డు, సైలెన్సర్ బోల్టులు, అదనపు గాలి దారి, సెన్సారు మర మీ బండికి తగ్గట్టే ఉన్నాయా?

6. చదును చూడండి. స్కేలు అంచును ఐమూలగా పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చండి. చిన్న ఇంజిన్ల మాన్యువళ్లలో సాధారణంగా ఉండే హద్దు 0.05 మి.మీ. అంతకంటే వంపు ఉంటే ప్యాకింగ్ కొత్తదైనా గాలి తన్నేస్తుంది.

అన్నీ కుదిరాక చల్లని ఇంజిను మీద మాన్యువల్‌లో చెప్పిన బలంతో, ఐమూలగా, రెండు మూడు విడతల్లో బోల్టులు బిగించండి. కిక్కు కొట్టే ముందు ప్లగ్గు విప్పి, మాగ్నెట్ వైపు స్పానర్ పెట్టి ఇంజినును చేత్తో మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా అడ్డుతగిలితే ఆగిపోండి. ఆ అడ్డు పిస్టన్‌కు వాల్వు తగలడం కావచ్చు. చేత్తో తిప్పితే తెలిసేది, సెల్ఫ్ కొడితే వాల్వు వంగాక తెలుస్తుంది.

మార్చాలా, బాగుచేయించాలా

పొగ కనిపించగానే హెడ్డు మార్చేయకండి. శ్రీశైలం నుంచి దోర్నాలకు దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి వస్తాం. అప్పుడు ఇంజిను లోపల ఖాళీ ఏర్పడి వాల్వు గైడ్ల గుండా ఆయిల్‌ను పీల్చుకుంటుంది. దిగువన మళ్లీ యాక్సిలరేటర్ ఇవ్వగానే గుప్పున నీలిపొగ వచ్చి తగ్గిపోతే అనుమానం వాల్వు సీళ్ల మీద, గైడ్ల మీద. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు ఆగకుండా వస్తుంటే రింగులు, బోరు చూడాలి. రెండో దానికి హెడ్డు మారిస్తే పొగ పోదు.

వాల్వు సీటింగ్ చూడటానికి హెడ్డు విప్పి, గుంట కిందికి ఉండేలా పట్టుకుని, పోర్టులో పెట్రోలు పోసి కొన్ని నిమిషాలు ఆగండి. వాల్వు అంచున తడి కనిపిస్తే సీటింగ్ పోయినట్టు. గ్రైండింగ్ పేస్టుతో సరిచేయిస్తే చాలాసార్లు సరిపోతుంది. గైడ్లు కొత్తవి వేయొచ్చు, పోయిన ప్లగ్గు మరకు కొత్త మర వేయించొచ్చు. పగులు వచ్చినా, క్యామ్ కూర్చునే చోటు అరిగినా మాత్రం మార్చక తప్పదు.

వంపు తీయడానికి లేత్ దగ్గర హెడ్డు కోయిస్తే రెండు సంగతులు గుర్తుంచుకోండి. గుంట చిన్నదై కంప్రెషన్ పెరుగుతుంది. క్యామ్ పైన ఉన్న ఇంజినులో హెడ్డు కిందికి దిగి టైమింగ్ చైన్ కొద్దిగా వదులై, వాల్వులు తెరుచుకునే సమయం వెనక్కి జరుగుతుంది. అందుకే వంపు పోయేంత మేరకే కోయించాలి.

షాపులో ఎలా అడగాలి

సగం అడిగితే సగం పార్టే వస్తుంది. "అన్నా, స్ప్లెండర్ హెడ్డు ఒకటి ఇవ్వు" అంటే షాపతను ముందున్నది తీసి ఇస్తాడు, అందులో అతని తప్పేమీ లేదు. ఇలా అడిగి చూడండి:

"అన్నా, స్ప్లెండర్ ప్లస్, 2014 ఆగస్టు తయారీ, కార్బురేటర్ బండి. చాసిస్ నెంబరు రాసుకొచ్చినా. పాత హెడ్డు మీద నెంబరు ఇదిగో."

"పాత హెడ్డు తెచ్చినావా తమ్ముడూ?"

"తెచ్చినా అన్నా. ప్యాకింగ్ పెట్టి చూసుకుని తీసుకుంటా. పడకపోతే వాపసు తీసుకుంటానని బిల్లు మీద రాసియ్యి."

ఈ నాలుగు మాటలతో షాపతని శ్రమ తగ్గుతుంది, మీ మీద గౌరవం పెరుగుతుంది. తెలిసి అడిగేవాడికి డూప్లికేట్ అంటగట్టడం కష్టం. పాత పార్టు చేతిలో లేకుండా, బిల్లు లేకుండా హెడ్డు కొనవద్దు.

మన దుమ్ము, మన నీళ్లు

మార్కాపురం పలకల గనులు, కోత యంత్రాల చుట్టుపక్కల తిరిగే బండి పీల్చే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఫిల్టరు దాటితే వాల్వు గైడ్లను, బోరును ఆకురాయిలా అరగదీస్తుంది. మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకుండా ముందే ఫిల్టరు చూడండి. స్పాంజి రకమైతే కడిగి నూనె పట్టించండి. నూనె పూసిన కాగితం ఫిల్టరుకు గాలి కొట్టకూడదు, మార్చేయాలి. హెడ్డు ఫిన్నుల మధ్య బురద, దుమ్ము గట్టిపడితే వేసవిలో వేడి బయటికి పోదు, తీసేయండి.

పల్సర్ ఎన్‌ఎస్ 200 లాంటి రేడియేటర్ బండి ఉంటే అందులో మన బోరు నీళ్లు పోయకండి. ఇక్కడి భూగర్భ జలాల్లో లవణాలెక్కువ. ఆ నీరు వేడెక్కితే హెడ్డు లోపలి సన్నని దారుల్లో తెల్లటి పొర కడుతుంది. కంపెనీ చెప్పిన కూలెంటే పోయండి.

ఈ అలవాటు బండి దగ్గర ఆగదు

పక్క పొలంలో పనిచేస్తోందని అదే హార్స్‌పవర్ మోటారు కొని మన బోరులో దించుతాం. ఆ బోరు లోతెంత, నీటిమట్టం ఎక్కడుంది, మనదెంత అని అడగం. ఎదురింటివాళ్లు వేశారని అదే ఎరువు అంతే వేస్తాం, మన మట్టి పరీక్ష చేయించం. బంధువుల పిల్లాడు చేరాడని అదే కోర్సులో మన పిల్లాడిని చేరుస్తాం. పేరు చూసి తీసుకున్న నిర్ణయాలే ఇవన్నీ. నాది ఏది, దాని కొలతేమిటి, ఇది దానికి తగినదేనా? ఈ మూడు ప్రశ్నలు వేసుకునేవాడికి డబ్బు మిగులుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఎవరేం చెప్పినా తనే సరిచూసుకోగలననే ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం పొగడ్తలతో రాదు, కొలిచి చూసిన అనుభవంతో వస్తుంది.

ఈ వారం సాధన

మొదటి రోజు ఆర్‌సీ, చాసిస్ నెంబరు, ఇంజిన్ నెంబరు పక్కపక్కన పెట్టి తయారీ సంవత్సరం తేల్చండి. రెండో రోజు మీ బండి బోరు, స్ట్రోక్, కంప్రెషన్ నిష్పత్తి, ప్లగ్గు నెంబరు, ట్యాపెట్ గ్యాప్ మాన్యువల్‌లో చూసి ఒక కాగితం మీద రాయండి. మూడో రోజు ఎయిర్ ఫిల్టరు విప్పి చూడండి. నాలుగో రోజు మీ మెకానిక్ దగ్గరకు వెళ్లి, షెడ్డులో పక్కన పడేసిన రెండు పాత హెడ్డులు అడిగి తీసుకుని ఆరు పరీక్షల్లో మొదటి నాలుగు చేయండి. ఐదో రోజు ఆ కాగితం ఫోటో తీసి ఫోనులో దాచుకోండి, కాగితాన్ని బండి సీటు కింద కవరులో పెట్టండి. ఇక ఈ బండికి ఏ పార్టు కావాలన్నా ముందు ఆ కాగితం తీయండి, తర్వాతే షాపు మెట్టెక్కండి.